డిటాక్స్ మాట వినగానే వేయాల్సిన మూడు ప్రశ్నలు

పొడులు, మాత్రలు, రసాలు, ఆఖరికి పాదాలకు అంటించుకునే పట్టీలు. డిటాక్స్ పేరుతో ఏది అమ్మినా దాని మీద ఒకటే వాక్యం కనిపిస్తుంది: ‘శరీరంలో పేరుకుపోయిన విషాలను బయటికి పంపుతుంది’. ఏ విషమో మాత్రం ఎక్కడా రాయరు. బ్రిటన్‌లో సెన్స్ అబౌట్ సైన్స్ అనే సంస్థ 2009లో ఇలాంటి 15 ఉత్పత్తుల గురించి ఆరా తీసినప్పుడు, డిటాక్స్ అంటే ఏమిటన్న దానికి ఏ రెండు కంపెనీల నిర్వచనమూ ఒకటిగా లేదని తేలింది. అమ్మేవాళ్లకే స్పష్టత లేని చోట కొనేవాళ్లు తికమకపడటంలో వింతేముంది?

శుద్ధి అన్న మాట ఎవరు ఎత్తినా మూడు ప్రశ్నలు వేయండి. బయటికి పోయే పదార్థం పేరేమిటి? అది ఏ దారిన పోతుంది? పోయిందని ఎలా కొలిచారు? ఈ మూడింటికీ వచ్చే జవాబులను తూకం వేయాలంటే శరీరం గురించిన కొన్ని మాటలు సరిగ్గా తెలిసి ఉండాలి. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ముందు మీ బాధకు సరైన పేరు పెట్టండి

‘కడుపు బాగా లేదు’ అన్న మాటలో కనీసం నాలుగు వేర్వేరు బాధలు దాక్కుని ఉంటాయి. పొట్ట పైభాగంలో నొప్పి, మంట, నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్లు ఉండటం అజీర్తి. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్ని ఛాతీలో మంట పుట్టించడం వేరే సంగతి. పేగుల్లో వాయువు నిండి పొట్ట బిగుసుకుపోతే అది ఉబ్బరం. విసర్జన వారానికి మూడుసార్ల కంటే తక్కువగా జరుగుతూ, మలం గట్టిపడి, ముక్కాల్సి వస్తే మలబద్ధకం. వీటి కారణాలు వేరు, చికిత్సలూ వేరు. అన్నిటికీ ఒకే పొడి పనిచేస్తుందని ఎవరైనా చెబితే అక్కడే ఆగి ఆలోచించండి.

ఒక వారం పాటు ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, బాధ ఎప్పుడు మొదలైంది, విసర్జన ఎలా ఉంది అన్నవి చిన్న పుస్తకంలో రాసుకోండి. మలం తీరును వర్ణించడానికి మొహమాటం అక్కరలేదు. వైద్యులు బ్రిస్టల్ కొలమానం అనే పట్టికనే వాడతారు. అందులో ఏడు రకాలున్నాయి. మొదటిది విడివిడి గట్టి ఉండలు, ఏడోది పూర్తిగా నీళ్లు. మూడు, నాలుగు రకాలు మామూలువి.

ఎన్నిసార్లు అన్న లెక్క దగ్గర చాలామంది అనవసరంగా హడలిపోతారు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఏదైనా మామూలే. ఒక రోజు తప్పితే లోపల విషం తయారవుతుందన్న భయానికి పెద్ద చరిత్రే ఉంది. 19వ శతాబ్దం చివర్లో యూరప్ వైద్యుల్లో స్వీయ విషప్రభావం అనే సిద్ధాంతం బాగా ప్రచారమైంది. పెద్దపేగులో నిలిచిన మలం నుంచి విషాలు రక్తంలోకి చేరి సకల రోగాలూ తెస్తాయని దాని సారం. ఆ నమ్మకంతో ఆర్బత్‌నాట్ లేన్ అనే ప్రముఖ బ్రిటిష్ శస్త్రవైద్యుడు మలబద్ధకం ఉన్నవాళ్ల పెద్దపేగునే కోసి తీసేసేవారు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వరేజ్ ఒక సూటి ప్రశ్న వేశారు. మలబద్ధకంతో వచ్చే తలబరువు, చికాకు విసర్జన కాగానే క్షణాల్లో తగ్గిపోతాయి. రక్తంలో విషం ఉంటే అంత త్వరగా ఎలా పోతుంది? పేగు సాగడం వల్ల కలిగే ఇబ్బందే అదంతా అన్నారు. వైద్యం ఆ సిద్ధాంతాన్ని వదిలేసి చాలా కాలమైంది. అమ్మకందార్లు ఇంకా వదల్లేదు.

2. తిన్నది ఏ దారిన పోతుందో గుర్తుపెట్టుకోండి

జీర్ణక్రియ, శోషణ, విసర్జన అనే మూడు మాటలను విడివిడిగా పట్టుకోండి. ఆహారాన్ని చిన్న అణువులుగా విడగొట్టడం జీర్ణక్రియ. ఆ అణువులు పేగు గోడ దాటి రక్తంలోకి, శోషరసంలోకి చేరడం శోషణ. మిగిలింది బయటికి పోవడం విసర్జన.

నోట్లో లాలాజలం పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. జీర్ణాశయంలో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైమ్ మాంసకృత్తుల పని పడతాయి. అసలు వ్యవహారమంతా చిన్నపేగులో జరుగుతుంది. క్లోమం పంపే ఎంజైములు, కాలేయం తయారుచేసే పిత్తరసం అక్కడే కలుస్తాయి. పిత్తరసం కొవ్వును చిన్న చిన్న బిందువులుగా చెదరగొడుతుంది. దాన్ని నిల్వ ఉంచే సంచి పిత్తాశయం. సుమారు 6 మీటర్ల చిన్నపేగు దాటాక మిగిలింది మీటరున్నర పెద్దపేగులోకి వస్తుంది. అక్కడ నీరు పీల్చుకోవడం జరుగుతుంది, పీచు పదార్థాన్ని బాక్టీరియా పులియబెడుతుంది. ఉబ్బరానికి కారణమయ్యే వాయువు ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. నోటి నుంచి చివరి దాకా ఈ ప్రయాణానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

ఇందులో ప్రకటనలు దాటవేసే విషయం ఒకటుంది. పేగు లోపల ఉన్నదంతా, శోషణ జరిగే దాకా, ఒక లెక్కన ఇంకా శరీరం బయట ఉన్నట్టే. కాబట్టి పేగు కడిగితే పేగు ఖాళీ అవుతుంది కానీ రక్తం శుభ్రపడదు. మలం కూడా గోడలకు ఏళ్ల తరబడి అట్టకట్టి ఉండదు. పేగు లోపలి పొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తూనే ఉంటాయి. కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష చేసే వైద్యులు నిత్యం ఆ గోడలను కళ్లారా చూస్తారు. అక్కడ అలాంటి అట్టలేవీ ఉండవు.

దీనికి ఒక నిజమైన మినహాయింపు ఉంది, చెప్పకుండా వదిలేయడం న్యాయం కాదు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ల రక్తంలో అమోనియా అనే వ్యర్థం పెరిగి మెదడును మసకబారుస్తుంది. అప్పుడు వైద్యులు లాక్టులోజ్ అనే విరేచనకారిని ఇస్తారు. అది పెద్దపేగులో ఆమ్లత్వం పెంచి, అమోనియా తిరిగి రక్తంలోకి వెళ్లకుండా అక్కడే బంధించి బయటికి పంపుతుంది. మన మూడు ప్రశ్నలతో పరీక్షించండి: పదార్థం అమోనియా, దారి పెద్దపేగు, ఫలితం రోగి తెలివిలో, చేతుల వణుకులో కనిపిస్తుంది. అసలైన డిటాక్స్ ఇలా జవాబు చెప్పగలదు.

3. విషం పేరు అడగండి

విషం అన్న ఒక్క మాట కింద మూడు రకాలను కలిపేస్తుంటారు. జీవులు తయారుచేసేవి మొదటి రకం: పాము విషం, పాడైన డబ్బా ఆహారంలో పెరిగే బాక్టీరియా వదిలే బొటులినమ్ విషం లాంటివి. బయటి రసాయనాలు రెండోది: సీసం, పాదరసం, పురుగుమందులు. శరీరమే పుట్టించే వ్యర్థాలు మూడోది: అమోనియా, పాత ఎర్ర రక్తకణాలు విడిపోయినప్పుడు పుట్టే బిలిరుబిన్, కార్బన్ డయాక్సైడ్. వీటిలో ఏది పోతుందంటున్నారో అడగండి. అన్నీ పోతాయి అంటే ఏదీ పోదన్నట్టే లెక్క.

మోతాదు సంగతీ అడగాలి. మోతాదే ఒక పదార్థాన్ని విషంగా మారుస్తుందని 16వ శతాబ్దంలోనే పారాసెల్సస్ అనే స్విస్ వైద్యుడు చెప్పారు. ఉప్పు, నీరు కూడా మితిమీరితే చంపగలవు.

ఇక అర్ధాయువు. ఒక పదార్థం పరిమాణం సగానికి తగ్గడానికి పట్టే సమయం అది. ఆరోగ్యవంతులైన పెద్దల్లో కెఫీన్ అర్ధాయువు ఐదారు గంటలు. సీసం అర్ధాయువు రక్తంలో సుమారు నెల రోజులు, ఎముకల్లో దశాబ్దాలు. నిజంగా ‘పేరుకుపోయేవి’ ఇలాంటి కొన్నే: ఎముకల్లో సీసం, కొవ్వులో డీడీటీ వంటి పురుగుమందుల అవశేషాలు. వాటిని మూడు రోజుల రసాల పథకం కదిలిస్తుందనడానికి ఆధారం లేదు. అవి శరీరంలోకి చేరే మూలాన్ని మూసేయడమే మొదటి పని.

4. కాలేయం, మూత్రపిండాలు ఏం చేస్తాయో తెలుసుకోండి

కాలేయాన్ని జల్లెడలా ఊహించుకుంటాం. అందుకే మురికి పట్టిందని, కడగాలని ఎవరైనా చెబితే నిజమే అనిపిస్తుంది. కాలేయం చేసేది వడపోత కాదు, రసాయన మార్పు. సుమారు కిలోన్నర బరువుండే ఈ అవయవం గుండా నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం పోతుంది. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు ఇక్కడికే చేరుతుంది. చాలా పదార్థాలను కాలేయం రెండు దశల్లో మారుస్తుంది. మొదటి దశలో సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబం పదార్థానికి ఆక్సిజన్ వంటిది జోడించి దాని రూపు మారుస్తుంది. రెండో దశలో దానికి గ్లుటాథయోన్, సల్ఫేట్, గ్లూకురోనిక్ ఆమ్లం వంటి వాటిలో ఒకదాన్ని తగిలించి, నీటిలో కరిగేలా చేసి, మూత్రంలోకో పిత్తరసంలోకో పంపుతుంది.

ఈ రెండు దశలనూ పారాసెటమాల్ ఉదాహరణతో చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. సరైన మోతాదులో వేసుకున్నప్పుడు దానిలో ఎక్కువ భాగం నేరుగా రెండో దశకు వెళ్లి మూత్రంలో పోతుంది. కొద్ది భాగం మాత్రం మొదటి దశలో, అసలు మందు కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైన పదార్థంగా మారుతుంది. దాన్ని గ్లుటాథయోన్ వెంటనే పట్టేస్తుంది. మోతాదు మితిమీరితే గ్లుటాథయోన్ నిల్వ అడుగంటుతుంది. ఆ పదార్థం కాలేయ కణాలనే చంపుతుంది. ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ పని గ్లుటాథయోన్‌ను తిరిగి నింపడం. మింగిన ఎనిమిది గంటల లోపు ఇస్తే అది బాగా పనిచేస్తుంది.

అంటే మొదటి దశ కొన్నిసార్లు మామూలు పదార్థాన్ని విషంగా మారుస్తుంది. మద్యం కూడా ముందు ఎసిటాల్డిహైడ్ అనే మరింత హానికర పదార్థంగా మారి, ఆ తర్వాతే నిరపాయమవుతుంది. ‘కాలేయాన్ని చురుకుగా చేస్తుంది’ అన్న ప్రకటన చూసినప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి. ఏ దశను చురుకు చేస్తుంది? సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక నిజంగానే కాలేయ ఎంజైములను పెంచుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల మందులు శరీరం నుంచి త్వరగా వెళ్లిపోయి పనిచేయకుండా పోతాయి. చురుకుదనం అన్నివేళలా మంచిది కాదు.

మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా వెనక్కి తీసుకుని, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి. దాహానికి సరిపడా నీరు తాగితే చాలు. గంటల వ్యవధిలో లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను పంపుతాయి. చెమట దాదాపు అంతా నీరు, ఉప్పు. దాని పని ఒంటిని చల్లబరచడం.

ఈ అవయవాలు నిజంగా చేతులెత్తేస్తే ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. కళ్లు పచ్చబడతాయి, ముదురు రంగు మూత్రం వస్తుంది, కాళ్లు, పొట్ట ఉబ్బుతాయి, మాట తడబడుతుంది. ‘కాస్త నీరసం, చర్మంలో కాంతి తగ్గడం’ కాదు. విషాలు నిజంగా పేరుకున్న మనిషికి కావాల్సింది పొడి కాదు, ఆస్పత్రి.

5. ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ముందువైపు రాసింది వదిలేసి పదార్థాల జాబితా చదవండి. సెన్నా (సునాముఖి ఆకు) ఉంటే అది విరేచనకారి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మూలికలు ఉంటే తగ్గేది నీటి బరువు. కొద్ది రోజుల్లోనే బరువు తగ్గిందని చెప్పే రసాల పథకాల గుట్టు కూడా ఇదే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే గ్లైకోజెన్‌తో పాటు ఆ నీరూ పోతుంది; మళ్లీ తినగానే తిరిగి వస్తుంది.

ఇక కళ్లకు చూపించే రుజువులు. ఉప్పునీటిలో పాదాలు పెట్టి కరెంటు పెడితే నీరు గోధుమ రంగులోకి మారుతుంది. ఆ రంగు లోహపు కడ్డీలు తుప్పు పట్టడం వల్ల వచ్చింది. పాదాలు లేకపోయినా వస్తుంది. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే పిత్తాశయం రాళ్లు పడిపోయాయని చూపించే పచ్చటి ఉండలను 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక నివేదిక కోసం పరీక్షిస్తే, అవి నూనె, నిమ్మరసం జీర్ణరసాలతో కలిసి ఏర్పడిన సబ్బు ఉండలని తేలింది. పేగు శుద్ధి పొడుల వల్ల తాళ్లలాంటివి పడటం కూడా అలాంటిదే. ఆ పొడుల్లోని ఇసబ్గోలు, బెంటొనైట్ మట్టి నీటిలో ఉబ్బితే వచ్చే ఆకారాలవి. మింగిందే బయటికి వచ్చింది!

సహజం అన్న మాటకు లొంగకండి. గ్రీన్ టీ సారాన్ని గాఢంగా చేసిన మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకునే ఆక్సలేట్ ఎక్కువగా ఉండే ఆకుల రసాలను రోజూ లీటర్లలో తాగి మూత్రపిండాలు పాడుచేసుకున్నవారూ ఉన్నారు. పదార్థాలను తనకు అంటించుకునేలా తయారుచేసిన బొగ్గు, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపిన పానీయాలైతే మీరు వేసుకునే మందులను కూడా పట్టేసుకుని పనిచేయకుండా చేయగలవు.

6. తలనొప్పి వస్తే దాన్ని శుభసూచకంగా లెక్కగట్టవద్దు

పథకం మొదలుపెట్టిన రెండో రోజు తలనొప్పి, నీరసం, చిరాకు వస్తే ‘విషాలు పోతున్నాయి, కొనసాగించండి’ అంటారు. కాఫీ, టీ మానేసిన 12 నుంచి 24 గంటల్లో కెఫీన్ లేమి తలనొప్పి మొదలై కొన్ని రోజులు ఉంటుంది. తిండి లేక, ఒంట్లో నీరు తగ్గి కూడా ఇవే లక్షణాలు వస్తాయి. పనిచేస్తే మందు గొప్పదనం, బాధపెడితే అదీ మందు గొప్పదనమే అనే వాదనను ఓడించడం ఎవరి తరమూ కాదు. పక్కన పెట్టడమే మార్గం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఇలాంటి పథకాల జోలికి వెళ్లకూడదు.

7. రిపోర్టులో అంకెలను సరిగా చదవండి

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు. అవి దెబ్బను చూపిస్తాయి, పనితీరును కాదు. పనితీరు తెలియాలంటే బిలిరుబిన్, కాలేయం తయారుచేసే అల్బుమిన్ అనే మాంసకృత్తు, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి. కండరాల నుంచి వచ్చే వ్యర్థమైన క్రియాటినిన్, దాని ఆధారంగా వడపోత వేగాన్ని లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ మూత్రపిండాల సంగతి చెబుతాయి. ఎస్‌జీఓటీ కండరాల నుంచి కూడా వస్తుంది కాబట్టి బాగా వ్యాయామం చేసిన మర్నాడు కొద్దిగా పెరిగితే కంగారుపడకుండా వైద్యుడితో మాట్లాడండి.

లోహాల పరీక్షలో ఒక మాయ ఉంది. లోహాలను లాగే మందు ఇచ్చి, ఆ తర్వాత మూత్రం పరీక్షించి, మందు తీసుకోనివాళ్ల ప్రమాణాలతో పోలుస్తారు. ఎవరికి చేసినా ఎక్కువే వస్తుంది. సీసం అనుమానం ఉంటే మామూలు రక్త పరీక్ష చాలు. ఆ లాగే మందులతో చేసే కీలేషన్ చికిత్స సీసం విషప్రభావానికి నిజమైన చికిత్సే కానీ, అవసరం లేని చోట, పొరపాటు మందుతో చేసినప్పుడు రక్తంలో కాల్షియం పడిపోయి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

8. రోజూ చేయగలిగినవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల పండ్లు, కూరగాయలు ఉండాలంటుంది. పప్పుధాన్యాలు, పొట్టుతో ఉన్న ధాన్యాలు, కూరగాయల నుంచి ఆ పీచు వస్తుంది. ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం తప్పదు; వారం వారం కొంచెం పెంచుతూ, నీరు కూడా తగ్గకుండా చూసుకోండి. తిన్న తర్వాత పెద్దపేగు కదలికలు సహజంగానే పెరుగుతాయి. ఉదయం తిన్న అరగంటలో తీరిక చేసుకుని కూర్చోండి. పాదాల కింద చిన్న పీట పెట్టుకుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి లేచి ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది.

కాలేయానికి చేయగల సేవ కూడా ఇంతే సాదాసీదాది. మద్యం మానడం, బరువు అదుపులో ఉంచడం, హెపటైటిస్ బి టీకా, మందులు చెప్పిన మోతాదు దాటకపోవడం. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా సొంతంగా మానేయకూడదు. మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. వైద్యుల పర్యవేక్షణలో మాన్పించడాన్నే వైద్యంలో డిటాక్స్ అంటారు.

9. వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సినవి

ఎవరైనా విషం మింగితే వాంతి చేయించే ప్రయత్నం వద్దు. మింగిన దాని సీసా లేదా మాత్రల పట్టీ చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి. ఎంత, ఎప్పుడు అన్నది చెప్పగలిగితే చికిత్స త్వరగా మొదలవుతుంది.

మలంలో రక్తం, తారులా నల్లగా జిగటగా ఉన్న మలం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, ఆగని వాంతులు, రాత్రి నిద్రలోంచి లేపే కడుపునొప్పి, పచ్చబడిన కళ్లు, సున్నం రంగు మలం ఏ ఒక్కటి కనిపించినా ఇంటి చిట్కాలతో రోజులు గడపవద్దు. యాభై దాటాక విసర్జన తీరు కొత్తగా మారి కొన్ని వారాలు అలాగే ఉన్నా చూపించుకోవాలి. ఇనుము మాత్రలు మలాన్ని నల్లగా, బీట్‌రూట్ ఎర్రగా మార్చగలవు. ముందు రోజు ఏం తిన్నారో, ఏ మందు వేసుకున్నారో చూసుకోండి. అలాంటిదేమీ లేకపోతే, లేదా ఉన్నా సందేహం తీరకపోతే, అదే రోజు వెళ్లండి.